నాలుగు నెలల కాలేజీ

నందిగామ దాటి చందర్లపాడు వెళ్ళే దారిలో, ఎడమచేతి వైపు, పాత పత్తి గోడౌనులో నడుస్తుంది ఆ బడి. బోర్డు మీద సోపానం విద్యాలయం అని రాసి ఉన్నా చుట్టుపక్కల అందరికీ అది గోడౌను బడే. అది ప్రభుత్వానిదీ కాదు, ఊరూరా బ్రాంచీలు తెరిచే కార్పొరేట్ కాలేజీలదీ కాదు. ఫిజిక్స్ లెక్చరర్‌గా రిటైరైన బ్రహ్మయ్యగారు తన వాటాకొచ్చిన గోడౌనుకి అడ్డగోడలు కట్టించి, పైకొచ్చిన పాత శిష్యుల సాయంతో పద్నాలుగేళ్ళుగా నడుపుతున్నారు. మిరప కోతలకీ పత్తి తీతలకీ వెళ్ళేవాళ్ళ పిల్లలు, ఆటో తోలేవాళ్ళ పిల్లలు అక్కడ చేరి, హాస్టల్లో ఉండి, ఇంటర్ అయ్యేదాకా చదువుకుంటారు. ఆ తర్వాత దేశంలో ఎంత పెద్ద కాలేజీలోనైనా సీటు తెచ్చుకోవాలని ఆయన పట్టుదల.

“సీటు రావడం సగం పనేనమ్మా. అక్కడ ఉండగలగాలి” అంటారాయన.

ఆ ఉండగలగడం నేర్పే పని ఫ్లోరెన్స్‌ది. వారమంతా బోటనీ, జువాలజీ చెబుతుంది. శనివారం మధ్యాహ్నం మాత్రం పుస్తకాలు మూయించి కాలేజీ క్లాసు పెడుతుంది. మెస్‌లో తెలియనివాళ్ళ పక్కన ఎలా కూర్చోవాలి, పాఠం అర్థం కాకపోతే చెయ్యెత్తి ఏమని అడగాలి, ప్రొఫెసర్‌కి మెయిల్ ఎలా రాయాలి, జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి. పిల్లల్ని ఇద్దరిద్దరిగా నిలబెట్టి ఒకరిని వార్డెన్‌ని, ఒకరిని కొత్తగా వచ్చిన అమ్మాయిని చేసి మాట్లాడిస్తుంది. గోడౌను రేకులు ఎగిరిపోయేంత నవ్వులు.

ఆమె మాటకి అంత విలువ రావడానికి కారణం ఆఫీసు గదిలో ఉన్న ఒక ఫోటో. పన్నెండేళ్ళ కిందటిది. రెండు జడలతో, చేతిలో కొత్త బ్యాగుతో పద్దెనిమిదేళ్ళ ఫ్లోరెన్స్. కింద ‘మొదటి బ్యాచ్, పూణే సైన్స్ కాలేజీ’ అని రాసి ఉంటుంది. ఫ్లోరెన్స్ మేడం పూణేలో చదువుకుని వచ్చారని పిల్లలు ఒకరికొకరు చెప్పుకుంటారు. కొత్తగా చేరిన టీచర్లూ అదే అనుకుంటారు. అందులో అబద్ధం లేదు. కాకపోతే ఆమె చదివింది నాలుగు నెలలు.

ఆగస్టులో వెళ్ళింది. క్రిస్మస్ సెలవులకి వచ్చింది. మళ్ళీ వెళ్ళలేదు.

వేదాద్రి పక్క పల్లెలో తల్లి ఆరోగ్యమ్మ చేసుకునే కూలి తప్ప మరో ఆధారం లేని ఇల్లు ఆమెది. స్కాలర్‌షిప్ అన్నీ భరించేది కాబట్టి డబ్బు కోసం మానెయ్యలేదు. తరిమినవాళ్ళూ లేరు. అందుకే, ఎందుకు వచ్చేశావు అని ఎవరైనా అడిగితే చెప్పడానికి ఆమె దగ్గర ఒక్క వాక్యం కూడా ఉండేది కాదు. ఏడాదిపాటు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసింది. బ్రహ్మయ్యగారు రెండుసార్లు ఇంటికొచ్చి, ఆమె తలొంచుకుని కూర్చుంటే, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయారు. మూడోసారి వచ్చినప్పుడు, చిన్నపిల్లలకి పాఠాలు చెబుతావా అని అడిగారు. అలా గోడౌను బడికి వచ్చింది. అక్కడ పని చేస్తూనే నందిగామలో డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ పూర్తి చేసింది. తల్లిని తెచ్చుకుని ఊళ్ళోనే చిన్న ఇల్లు అద్దెకి తీసుకుంది. ఒకటి రెండు సంబంధాలు వచ్చాయి, పోయాయి.

పూణే మాత్రం పోలేదు. ప్రతి జూన్‌లో ఫోన్‌లో ఆ కాలేజీ వెబ్‌సైట్ తెరిచి, ఆ ఏడాది ఏయే పేపర్లు పెట్టారో చూసుకునేది. తనకి చెప్పిన లెక్చరర్లలో ఎవరు మిగిలారో, ఎవరు వెళ్ళిపోయారో ఆమెకి తెలుసు. కొత్త లైబ్రరీ కట్టినప్పుడు ఆ ఫోటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసుకుని చూసింది. తాను చదవని రెండో సంవత్సరం, చదవని మూడో సంవత్సరం ఎలా ఉండి ఉంటాయో ఊహించుకోవడం ఆమెకి అలవాటైపోయింది. గిన్నెలు కడుగుతూనో, బస్సు కోసం నిలబడో, ఆ గదుల్లో తిరిగి వచ్చేది.

ఈ ఏడాది మే నెలలో, ఆ కాలేజీలోనే సీటొచ్చింది క్రిస్టీకి.

క్రిస్టీది జగ్గయ్యపేట. తండ్రి ఏలీయా చిల్లకల్లు అడ్డరోడ్డుకీ పేటకీ మధ్య ఆటో తోలతాడు. తల్లి రూబీ పత్తి తీతలకి వెళుతుంది. క్రిస్టీ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఏ మాట విన్నా నోటుబుక్కులో రాసుకుంటుంది. సీటుతోపాటు పూర్తి స్కాలర్‌షిప్ కూడా వచ్చిందని తెలిసిన రోజున ఆ పిల్ల బడంతా పరిగెత్తి, చివరికి ఫ్లోరెన్స్ దగ్గరికి వచ్చి ఆగింది.

“మేడం, మీ కాలేజే!”

ఆ రోజు నుంచి ప్రశ్నలే ప్రశ్నలు. ల్యాబ్ ఎన్నో అంతస్తులో ఉంటుంది? చలికాలం ఎంత చలిగా ఉంటుంది? హాస్టల్ కిటికీలోంచి ఏం కనిపిస్తుంది? ఫ్లోరెన్స్ అన్నీ చెప్పింది. ల్యాబ్ రెండో అంతస్తు. కిటికీ పక్కన మూడో బల్ల తనది. బయట ఎర్రపూల చెట్టు. వాన పడితే కారిడార్లో తడి మట్టివాసన. చెబుతున్నకొద్దీ ఆమె గొంతులో ఏదో వెలుగు వచ్చేది. చెప్పడం ఆపాలనిపించేది కాదు.

“మూడో సంవత్సరంలో ప్రాజెక్టు దేని మీద చేశారు మేడం?”

ఫ్లోరెన్స్ ఒక్క క్షణం ఆగింది. “చెరువు నీళ్ళలో ఉండే నాచు మీద” అంది.

క్రిస్టీ అది కూడా రాసుకుంది.

పన్నెండేళ్ళలో ఆ డిగ్రీ గురించి ఆమె నోటితో చెప్పిన మొదటి అబద్ధం అది. అప్పటిదాకా ఎవరేమనుకున్నా ఊరుకుందంతే. మర్నాడు ఏలీయా ఫోన్ చేశాడు.

“మేడం గారూ, మా వైపు ఎవళ్ళూ ఆడపిల్లని అంత దూరం పంపలా. మా అన్నదమ్ములంతా వద్దంటున్నారండి. మీరు వెళ్ళి చదువుకొని వచ్చారు కాబట్టి నాకు ధైర్యం. మిమ్మల్ని చూసే పంపుతున్నా.”

ఫోన్ పెట్టేసి ఫ్లోరెన్స్ తిన్నగా బ్రహ్మయ్యగారి గదికి వెళ్ళింది.

“సార్, ఆ ఫోటో తీసెయ్యండి.”

ఆయన కళ్ళజోడు తీసి ఆమె వంక చూశారు. “ఎందుకమ్మా?”

“నేను చదవలేదు కదా అక్కడ.”

“నువ్వు వెళ్ళావని పెట్టా. అంతకుముందు ఇక్కణ్ణించి అంత దూరం ఎవరూ వెళ్ళలా.”

“వచ్చేశానుగా సార్. అది ఎవరికీ తెలీదు.”

ఆయన కళ్ళజోడు బల్ల మీద పెట్టారు. తర్వాత, “నేనే అడగాల్సింది, అడగలా. అడిగితే నువ్వు ఈ బడి కూడా వదిలేసి పోతావేమోనని భయపడ్డా. తప్పు నాది కూడా” అన్నారు.

“ఇప్పుడు చెబితే ఏలీయా గారు పిల్లని పంపుతారా?”

“ఏమోనమ్మా. పంపకపోవచ్చు.”

ఆయన ధైర్యం చెబుతారేమోనని చూసింది. ఆయన చెప్పలేదు.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం ఎండకి రేకులు కాలిపోతున్నాయి. పిల్లలు బల్లలు గోడలకి జరిపి మధ్యలో ఖాళీ చేశారు. ఈ వారం ఏం ఆట అని ఎదురుచూస్తున్నారు. ఫ్లోరెన్స్ ఆ ఖాళీలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

“నేను పూణేలో డిగ్రీ చదవలేదు” అంది. “నాలుగు నెలలుండి వచ్చేశా. మిగతాదంతా నందిగామలోనే. క్రిస్టీకి నాచు మీద ప్రాజెక్టు చేశానని చెప్పా. అది అబద్ధం.”

వెనక బల్ల మీద ఉన్న పిల్ల నెమ్మదిగా అడిగింది. “ఎందుకొచ్చేశారు మేడం?”

ఇన్నేళ్ళూ ఒక్క వాక్యం కూడా దొరకని ఆమెకి అప్పుడు మాటలు వచ్చాయి. నవంబరులో ఒక రోజు జువాలజీ క్లాసులో స్లైడ్ గురించి చెప్పమని తనని లేపారు. జవాబు తెలుసు. తెలుగులో తెలుసు, ఇంగ్లీషులో కూడా తెలుసు. నోరు పెగల్లేదు. నిమిషం పాటు అలాగే నిలబడింది. లెక్చరర్ కోప్పడలేదు, మెల్లగా కూర్చోమంది. ఎవరూ నవ్వలేదు. ఒక్కరు నవ్వినా వాళ్ళ మీద కోపం తెచ్చుకుని బతికేదాన్నేమో అంది ఫ్లోరెన్స్. వాళ్ళు జాలిగా తల తిప్పుకున్నారు. ఆ తర్వాత ఆమె మెస్‌కి వెళ్ళడం మానేసింది. గదిలో బ్రెడ్డు తిని పడుకునేది. ప్రతి ఆదివారం బ్రహ్మయ్యగారు ఫోన్ చేసి ఎలా ఉన్నావమ్మా అంటే, బాగున్నా సార్ అనేది.

“నాలుగు నెలల్లో నేను ఎక్కువసార్లు అన్న మాట అదే. బాగున్నా.”

క్రిస్టీ నోటుబుక్కు మూసేసి బయటికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బస్సుకే జగ్గయ్యపేట వెళ్ళింది. సోమవారం రాలేదు. మంగళవారం రాలేదు. బుధవారం ఏలీయా ఫోన్ చేశాడు. గొంతులో కోపం కన్నా అలుపు ఎక్కువ ఉంది.

“మీకే కుదర్లేదంటే మా పిల్లకేం కుదిరిద్దండి? ఇక్కడే నర్సింగులో చేర్పిస్తాం.”

సీటు ఖాయం చేసుకోవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది.

ఆదివారం ఆరాధన అయిపోయే వేళకి ఫ్లోరెన్స్ జగ్గయ్యపేట బస్సు దిగింది. ఏలీయా ఇల్లు వెతుక్కోవాల్సిన పని లేకపోయింది, గుమ్మం ముందు ఆటో ఉంది. రూబీ చర్చికి కట్టుకున్న చీరలోనే ఉంది. కుర్చీ వేసి, టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది. ఏలీయా మంచం మీద కూర్చున్నాడు.

“మీరు రావాల్సిన పని లేదండి. ఫోన్లో చెప్పాగా.”

“పంపమని అడగడానికి రాలేదండి. మీకు ముందే చెప్పనందుకు వచ్చా. మిమ్మల్ని నమ్మించడం నా తప్పు.”

“మరి నాలుగు నెలలకే వచ్చేసినావిడ మా పిల్లకి ఏం నేర్పిద్ది?”

గాజు గ్లాసులో టీ వచ్చింది, ఆమె పట్టుకుని కూర్చుంది. అప్పుడు లోపలి గదిలోంచి క్రిస్టీ వచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో నోటుబుక్కు ఉంది. మేడం ఎదురుగా నేల మీద కూర్చుని పెన్ను తీసింది.

“మొదట ఏ రోజు వచ్చెయ్యాలనిపించింది మేడం?”

“ఏంటమ్మా?”

“మీరు వచ్చేసిందాని గురించి నాకు మొత్తం కావాలి. ఒక్కోటీ చెప్పండి. మొదట ఎప్పుడు అనిపించింది?”

ఫ్లోరెన్స్ గ్లాసు కింద పెట్టింది. “పదకొండో రోజు. బట్టలు ఆరేసే తాడు మీద నా చోటు ఏదో అడగడానికి మొహమాటపడి తడిబట్టలు మంచం కింద దాచా.”

“అప్పుడు ఎవరినన్నా అడిగి ఉంటే?”

“రూమ్మేటు ఉంది. మంచిదే. నాగపూర్ అమ్మాయి. అడిగితే చూపించేది.”

“మరి క్లాసులో ఆ రోజు? మాట రానప్పుడు? తర్వాత ఆ లెక్చరర్ దగ్గరికి వెళ్ళి చెప్పారా?”

“లేదు.”

“వెళితే ఏమయ్యేది?”

“తెలీదమ్మా. నేను వెళ్ళలా. అదే తెలీదు నాకు ఈరోజుకీ.”

క్రిస్టీ రాసుకుంటూనే ఉంది. గంటసేపు అడిగింది. ఏ సబ్జెక్టులో ముందు మార్కులు తగ్గాయి, ఏ వారంలో మెస్ మానేశారు, ఇంటికొచ్చాక ఎన్నో రోజున ఇక వెళ్ళనని తేలిపోయింది. ఆ చివరిది కూడా ఫ్లోరెన్స్ చెప్పింది. టిక్కెట్టు తేదీ జనవరి మూడు. ఆ రోజు బ్యాగు సర్దుకుని, గుమ్మం దాకా వచ్చి, చెప్పులేసుకుని, మళ్ళీ విప్పింది. ఎవరూ ఆపలేదు, ఎవరూ తొయ్యలేదు. రూబీ తలుపుకానుకుని నిలబడి వింటోంది. ఏలీయా నేల వంక చూస్తూ వింటున్నాడు.

చివరికి ఆయనే అడిగాడు. “అక్కడ దీనికి ఉండలేననిపిస్తే, ముందు ఎవరికి చెప్పాలండి?”

“నాకు. ఏ టైములోనైనా. బాగున్నా అంటే మాత్రం నేను నమ్మను.”

ఏలీయా కూతురి వంక చూశాడు. “ఏంటి, వెళతావా?”

“వెళతా నాన్నా.”

“వచ్చెయ్యాలనిపిస్తే?”

“వచ్చే ముందు అడుగుతా.”

ఆగస్టు రెండో వారంలో ఏలీయా క్రిస్టీని, తోడుగా వెళుతున్న ఫ్లోరెన్స్‌ని తన ఆటోలోనే తీసుకెళ్ళి చిల్లకల్లు దగ్గర హైదరాబాద్ బస్సెక్కించాడు. బస్సు కదిలేదాకా కిటికీ పట్టుకుని నిలబడ్డాడు. హైదరాబాద్‌లో రైలెక్కి, మర్నాడు పూణేలో దిగారు. వాన పడుతోంది.

కాలేజీ గేటు రంగు మార్చారు. హాస్టల్ కొత్తది. కాయితాల పని, గది తాళం, పరుపు, బక్కెట్టు, అన్నీ మధ్యాహ్నానికి అయిపోయాయి. క్రిస్టీ బట్టలు ఆరేసే తాళ్ళ దగ్గరికి వెళ్ళి, అక్కడున్న అమ్మాయిని ఇంగ్లీషులో, తప్పులతోనే, గట్టిగా అడిగింది. ఆ అమ్మాయి నవ్వి ఒక తాడు చూపించింది. దూరంగా నిలబడి చూస్తున్న ఫ్లోరెన్స్‌కి ఇక అక్కడ తన పని లేదని తెలిసింది.

తిరుగు రైలు సాయంత్రం. మధ్యలో మూడు గంటలుంది. కాళ్ళు రెండో అంతస్తుకి తీసుకెళ్ళాయి. ల్యాబ్ తలుపు తెరిచే ఉంది. అటెండర్ బల్లలు తుడుస్తున్నాడు. ఎవరు కావాలని హిందీలో అడిగాడు.

“ఎవరూ వద్దు. ఇక్కడ చదువుకున్నా” అంది. కాస్త ఆగి, “కొన్నాళ్ళు” అంది.

అతను పక్కకి జరిగి దారిచ్చాడు. బల్లలు మారాయి, కిటికీ మారలేదు. మూడో బల్ల దగ్గర కూర్చుంది. బయట ఎర్రపూల చెట్టుని ఒకవైపు కొట్టేశారు, మిగిలిన కొమ్మ మీదుగా వాన కారుతోంది. పన్నెండేళ్ళుగా వంట చేస్తూ, బస్సుల్లో నిలబడి మనసులో తిరిగిన గది ఇది. ఇంత చిన్నదా అనిపించింది. అయినా లేవబుద్ధి కాలేదు. ఎంతసేపు కూర్చుందో తెలియదు. బెల్లు మోగింది. తెల్లకోట్లు వేసుకున్న అమ్మాయిలు బిలబిలమంటూ లోపలికి వచ్చారు. చీర కట్టుకుని కూర్చున్న ఆమెని చూసి ఒక్కసారిగా గొంతులు తగ్గించారు. ఒకమ్మాయి దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగింది, ఈరోజు మాకు క్లాసు మీరేనా మేడం అని.

“కాదమ్మా” అని లేచి, ఆ పిల్లకి చోటిచ్చి బయటికి వచ్చింది.

ఇంటికొచ్చాక మొదటి నెలంతా క్రిస్టీ దగ్గర్నుంచి రోజూ ఫోన్ వచ్చేది. “బాగాలేదు మేడం” అనే మొదలుపెట్టేది. ఏది బాగాలేదో వరసగా చెప్పేది. సెప్టెంబరులో ఒక రోజు వెక్కివెక్కి ఏడ్చింది. కెమిస్ట్రీ టెస్టులో ఇరవైకి నాలుగు వచ్చాయి. వెళ్ళి లెక్చరర్‌ని కలవమంది ఫ్లోరెన్స్. కలిస్తే ఏమవుతుంది మేడం అని అడిగింది క్రిస్టీ. “నాకు తెలీదు. నువ్వు వెళ్ళొచ్చి నాకు చెప్పు” అంది. రెండు రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. ఆవిడ కూర్చోబెట్టి, పాఠం మళ్ళీ మొదటినుంచి చెప్పిందట. ప్రతి గురువారం రమ్మందట. ఫ్లోరెన్స్ ఫోన్ పెట్టేసింది. అంతేనా, అంతే ఉండేదా అనుకుంది.

తర్వాత రోజూ వచ్చే ఫోన్ రెండు రోజులకొకటి అయింది, ఆ తర్వాత ఆదివారాలకే మిగిలింది. నవంబరులో ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. క్రిస్టీ గబగబా నాలుగు మాటలు చెప్పి, “ఉంటా మేడం, అందరూ కిందికి రమ్మంటున్నారు” అంది. వెనక ఎవరో నవ్వుతూ పిలుస్తున్నారు. ఫోన్ కట్టయింది.

ఫ్లోరెన్స్ ఫోన్ వంక చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో చేపల పులుసు దించుతున్న ఆరోగ్యమ్మ తొంగి చూసింది.

“ఏమంటదే పిల్ల?”

“బాగానే ఉందంటమ్మా. నిజంగానే.”

ఆరోగ్యమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

“ఫ్లోరీ, నీకో మాట చెప్పాలి. ఆ జనవరిలో నువ్వు చెప్పులేసుకుని మళ్ళీ విప్పేవు చూడు. నేను పొయ్యి కాడ్నించి చూశా. వెళ్ళమ్మా అనాల్సింది. నోటిదాకా వచ్చింది. అనలా. నువ్వు ఇంటికాడే ఉంటావని సంతోషపడ్డా.”

ఫ్లోరెన్స్ తల్లి వంక చూసింది. కోపం వస్తుందేమోనని ఎదురుచూసింది, రాలేదు. “నువ్వు వెళ్ళమన్నా వెళ్ళేదాన్ని కాదేమోలే అమ్మా.”

“వెళ్ళేదానివో లేదో. నేను అనాల్సింది.”

వీధిలో ఎవరో పత్తి బండి తోలుకెళ్తున్న చప్పుడు వినిపించి దూరమైంది. ఆరోగ్యమ్మ లేచి రెండు పళ్ళేలు తెచ్చింది, అన్నం పెట్టింది. పులుసు వేస్తూ అడిగింది.

“అక్కడ ఎట్టుంటదే? ఎప్పుడూ చెప్పలేదు నువ్వు. నేనూ అడగలా.”

ఫ్లోరెన్స్ అన్నం కలుపుతూ ఆగింది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. “పొద్దున్నే ఆరింటికి మెస్‌లో టీ ఇస్తారమ్మా. అల్లం దంచి వేస్తారు” అంది.

“ఊఁ” అంది ఆరోగ్యమ్మ. “ఇంకా?”

ఆమె చెప్పడం మొదలుపెట్టింది.